పదివేలల్లో ఒక్కరు: రోటావైరస్ టీకా నేర్పే లెక్క



మన ట్రస్టు ఉపకార వేతనంతో నర్సింగు, ఫార్మసీ, స్టాటిస్టిక్స్ చదువుతున్నవారు మీలో ఉన్నారు. రేపు మీలో కొందరు టీకా కేంద్రాల్లో కూర్చుంటారు. అక్కడ ఏదో ఒకరోజు ఒక తల్లి మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. బరంపురంలో మా వీధిలోని ఒకామె నెలన్నర బిడ్డను ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది: "మాస్టారూ, విరేచనాలు రాకుండా వేసే ఆ చుక్కల వల్ల పదివేలల్లో ఒకరికి పేగు పట్టేస్తుందట కదా. ఆ ఒక్కరు మావాడైతే?"

"ఏం కాదులేమ్మా" అనేశాను. ఇంటికి వచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. నేను డాక్టరును కాను, లెక్కలు చెప్పినవాణ్ణి. ఆమె అడిగింది లెక్క. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది మీకూ పాఠంగా చెబుతున్నాను.

1. ఆ సంఖ్య ఎక్కడిది?

రోటావైరస్ పసిపిల్లలకు తీవ్రమైన నీళ్ల విరేచనాలు తెస్తుంది. దీనికి అమెరికాలో 1998 ఆగస్టులో 'రోటాషీల్డ్' అనే టీకాకు అనుమతి లభించింది. 1999 జులై నాటికి టీకా వేసుకున్న పిల్లల్లో 15 మందికి 'ఇంటస్ససెప్షన్' వచ్చినట్లు ఫిర్యాదులు అందాయి. చొక్కా చేతిని లోపలికి తోసినట్లు, పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోవడమే ఈ జబ్బు. వెంటనే చికిత్స చేయిస్తే బిడ్డ బాగుపడుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం.

ఈ జబ్బు టీకా వేయని పిల్లలకూ అప్పుడప్పుడు వస్తుంది. కాబట్టి "టీకా తర్వాత వచ్చింది" అన్నంత మాత్రాన "టీకా వల్ల వచ్చింది" అనలేం. కానీ ఇక్కడ కేసులు చెదురుమదురుగా లేవు. ముఖ్యంగా మొదటి మోతాదు తర్వాత 3 నుంచి 14 రోజుల మధ్య గుంపుగా కనిపించాయి. కాకతాళీయమైతే ఇలా ఒకేచోట పోగుపడవు. పరిశోధకులు చివరకు సుమారు పదివేలమందిలో ఒకరికి ముప్పు ఉందని తేల్చారు. 1999 అక్టోబరులో కంపెనీ ఆ టీకాను ఉపసంహరించుకుంది.

2. ముందే ఎందుకు తెలియలేదు?

అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో టీకా వేసిన 10,054 మందిలో ఐదుగురికి, వేయని 4,633 మందిలో ఒకరికి ఈ జబ్బు వచ్చింది. అంత చిన్న సంఖ్యల తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు. అందువల్ల అది రుజువుగా నిలవలేదు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన చిన్న సూత్రం ఉంది. n మందిలో ఒక్క కేసూ కనబడకపోతే, అసలు ముప్పు 3/n వరకు ఉండవచ్చు (95 శాతం నమ్మకంతో). పదివేలమందిలో ఎవరికీ ఏమీ కాకపోయినా, ముప్పు పదివేలకు మూడు దాకా ఉండే అవకాశం ఉందన్నమాట. "ఏమీ కనబడలేదు" వేరు, "ఏమీ లేదు" వేరు. అందుకే తర్వాత వచ్చిన రోటారిక్స్, రోటాటెక్ టీకాలను ఒక్కొక్కటి 60,000 మందికి పైగా శిశువులతో పరీక్షించారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

3. త్రాసులో రెండో పళ్లెం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లక్షమంది శిశువులను తీసుకోండి. పదివేలకు ఒకటి చొప్పున టీకావల్ల 10 మందికి పేగు జబ్బు వస్తుందనుకుందాం.

అమెరికాలో టీకాకు ముందు రోటావైరస్‌తో ఏటా 20 నుంచి 60 మంది పిల్లలు చనిపోయేవారు. పుట్టేవారు సుమారు 40 లక్షలు. అంటే లక్షకు ఒక మరణం, కాస్త అటూఇటూగా. ఒక మరణాన్ని ఆపడానికి పదిమందికి పేగు జబ్బు తేవడం వారికి సబబనిపించలేదు.

మన దేశంలో ఏటా సుమారు 78,000 మంది పిల్లలు రోటావైరస్ వల్ల చనిపోతున్నారని టీకాకు ముందటి అంచనా. పుట్టేవారు సుమారు 2 కోట్ల 60 లక్షలు. లక్షకు 300 మరణాలు! టీకా సగం మరణాలనే ఆపినా 150 ప్రాణాలు దక్కుతాయి. పేగు జబ్బు వచ్చిన పదిమందీ చనిపోతారనుకున్నా త్రాసు ఎటు మొగ్గుతుందో మీరే చూడండి.

టీకా అదే, ముప్పు అదే. దేశం మారితే తీర్పు మారింది. అయితే ఒక సంపన్న దేశం వద్దన్న టీకాను పేదదేశాల్లో వాడటానికి ఎవరూ ముందుకు రాలేదు. తర్వాతి టీకాలు వచ్చేవరకు ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో పోయిన పిల్లలు ఏ ఫిర్యాదు పుస్తకంలోనూ లేరు. టీకా వేస్తే జరిగిన హాని కంటికి కనబడుతుంది, వేయకపోతే జరిగిన హాని కనబడదు. ప్రజారోగ్య నిర్వహణలో అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇదే.

4. మన దగ్గర ఏం చేశారు?

హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన 'రోటావాక్'ను ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులపై పరీక్షించారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను అది సుమారు 56 శాతం తగ్గించింది. 2016లో రోటావైరస్ టీకాను ముందుగా ఒడిశా, ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో ప్రవేశపెట్టారు. 2019 నాటికి దేశమంతటికీ విస్తరించారు.

6,799 మంది పరీక్షతో పదివేలకు ఒకటి వంటి ముప్పు తేలదని పై సూత్రమే చెబుతోంది. కాబట్టి టీకా మొదలయ్యాక పలు ఆసుపత్రుల్లో పేగు జబ్బు కేసులను లెక్కపెట్టారు. ప్రతి బిడ్డనూ ఆ బిడ్డతోనే పోల్చారు: టీకా వేసిన వెంటనే వచ్చే రోజుల్లో జబ్బు ఎక్కువగా వచ్చిందా, మిగతా రోజుల్లోలాగే ఉందా అని. 2020లో వెలువడిన ఫలితాల్లో ముప్పు పెరిగినట్లు కనబడలేదు. రోటారిక్స్, రోటాటెక్‌ల విషయంలో మాత్రం అమెరికాలో 20,000 నుంచి లక్ష మందికి ఒకరి చొప్పున స్వల్ప ముప్పు ఉందని తేలింది. అయినా వాటిని ఆపలేదు, తల్లిదండ్రులకు చెప్పి వేస్తున్నారు.

5. తల్లికి ఏం చెప్పాలి?

నేను మళ్లీ ఆమె ఇంటికి వెళ్లాను. "అమ్మా, నువ్వు విన్న సంఖ్య పాత టీకాది, అది ఇప్పుడు వాడుకలో లేదు. ఇప్పటిదానితో ముప్పు పెరిగినట్లు మన దేశంలో కనబడలేదు. అయినా బిడ్డ ఉండుండి గుక్కపెట్టి ఏడుస్తూ కాళ్లు పొట్టలోకి ముడుచుకున్నా, వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. టీకా వేయించినా, వేయించకపోయినా ఇది గుర్తుంచుకో" అన్నాను.

"మొన్ననే ఇలా చెప్పి ఉండొచ్చు కదా మాస్టారూ" అంది. నిజమే. లక్షకు 150 ప్రాణాలు దక్కుతాయన్న లెక్క ప్రభుత్వానికి సరిపోతుంది. తల్లికి ఉన్నది ఒక్క బిడ్డ. ఆమెకు లెక్కతోపాటు జాగ్రత్త కూడా చెప్పాలి. ముప్పును దాచితే, అది బయటపడిన రోజున ఈ టీకామీదే కాదు, అన్ని టీకాలమీదా నమ్మకం పోతుంది. తర్వాతి టీకా రోజున ఆమె బిడ్డకు చుక్కలు వేయించింది.

అభ్యాసం

1. ఒక పరీక్షలో 60,000 మంది శిశువుల్లో సగానికి టీకా వేశారు. వారిలో ఒక్క కేసూ రాలేదు. ముప్పు గరిష్ఠంగా ఎంత ఉండవచ్చు?
2. ఒక టీకాతో 50,000 మందికి ఒకరికి తీవ్రహాని ఉంది. ఆ టీకా ఆపే జబ్బు మీ జిల్లాలో దాదాపు మాయమైంది. టీకా కొనసాగించాలా? రెండు పళ్లేలలో ఏమేమి వేస్తారో రాయండి.
3. పై తల్లి ప్రశ్నకు మీ సొంత మాటల్లో, అయిదు వాక్యాల్లో, ఏదీ దాచకుండా జవాబు రాయండి.

మూడో దాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. వారికి అర్థమైతేనే మీకు పాఠం వచ్చినట్టు.