ముఖచర్మపు ఎరుపు – పైపూత మందుల మంచిచెడ్డలు

ఉర్దూలో మర్హమ్ అనీ, మన పల్లెల్లో మలాం అనీ, గ్రంథాల్లో లేపనం అనీ వ్యవహరింపబడే పైపూత మందును మనం సాధారణంగా తేలికగా చూస్తాము. మాత్ర మింగవలసి వస్తే వైద్యుని సలహా అడిగేవారు కూడా, ముఖానికి రాసుకునే ట్యూబును మాత్రం ఎవరినీ అడగకుండానే కొంటారు. కడుపులోకి పోనిది కీడు చేయదని మనలో ఒక నమ్మకం. ఆ నమ్మకంలో సత్యమెంతో, రోసేసియా అనే చర్మవ్యాధిని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

వ్యాధి స్వరూపం

రోసేసియా ముఖమధ్య భాగానికి వచ్చే దీర్ఘకాలిక వ్యాధి. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం తరచుగా ఎర్రబడుతాయి. క్రమంగా ఆ ఎరుపు నిలిచిపోతుంది. సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కొందరికి చీముతో కూడిన పొక్కులు లేస్తాయి. మరికొందరికి కళ్ళు మండుతాయి. చూపునకు మొటిమలవలె ఉన్నా, మొటిమలలో కనిపించే నల్లని మొనలు ఇందులో ఉండవు. ఇది అంటువ్యాధి కాదు. సాధారణంగా ముప్పై ఏళ్ళు దాటినవారిలో ఎక్కువ. సమూలంగా పోగొట్టడం కష్టమే గాని, అదుపులో ఉంచడం సాధ్యమే.

ఇది తెల్లజాతివారి వ్యాధి అని చాలాకాలం భావించారు. చామనచాయ చర్మంలో ఎరుపు స్పష్టంగా కనిపించదు. మంట, గరుకుదనం, పొక్కులు మాత్రమే తెలుస్తాయి. అందువల్ల మనవారిలో ఈ వ్యాధి గుర్తింపబడక, మొటిమలుగానో ఎలర్జీగానో పొరబడడానికి అవకాశం ఎక్కువ. ఎండ, వేడి, మరిగే చాయ్, కారం, మానసికాందోళన దీనిని రెచ్చగొడతాయి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే మన పాలమూరులో ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

మేలుచేసే లేపనాలు

రోసేసియాకు వైద్యులు వాడే లేపనాలలో నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది మెట్రోనిడజోల్. సాధారణంగా 0.75 శాతం జెల్ రూపంలో లభిస్తుంది. వాపును, పొక్కులను తగ్గిస్తుంది. రెండవది అజెలాయిక్ ఆమ్లం. గోధుమ, బార్లీ వంటి ధాన్యాలలో సహజంగా కనిపించే ఈ పదార్థాన్ని 15 శాతం జెల్‌గా వాడుతారు. మొదట కొంత చురుక్కుమన్నా, పొక్కులతో పాటు నల్లని మచ్చలను కూడా తగ్గించే గుణం దీనికున్నది.

మూడవది 1 శాతం ఐవర్‌మెక్టిన్. రోసేసియా రోగుల చర్మంలో డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు అధికంగా ఉంటాయి. ఈ మందు వాటిని నశింపజేస్తుంది, వాపును కూడా తగ్గిస్తుంది. 962 మంది రోగులపై 16 వారాలపాటు జరిగి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, పొక్కులు ఐవర్‌మెక్టిన్‌తో 83 శాతం, మెట్రోనిడజోల్‌తో 73.7 శాతం తగ్గినట్లు తేలింది. నాలుగవది బ్రైమోనిడిన్. ఇది రక్తనాళాలను కుదించి కొన్ని గంటలపాటు ఎరుపును తగ్గిస్తుంది. కొందరిలో దాని ప్రభావం తీరగానే ఎరుపు మరింత హెచ్చవచ్చు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. పొక్కులను మాన్పే పై మూడు మందులలో ఏదీ ఒక్కరాత్రిలో ఫలితమివ్వదు. వారాల తరబడి ఓపికతో వాడవలసిందే. ఆ ఓపిక లేనిచోటనే అసలు ప్రమాదం ప్రవేశిస్తుంది.

త్వరిత ఫలితం – దీర్ఘ నష్టం

1952లో అమెరికాలో హైడ్రోకార్టిసోన్‌ను చర్మంపై పూసి సత్ఫలితాలు సాధించారు. నాటినుండి స్టెరాయిడ్ లేపనాలు ఎగ్జిమా, సోరియాసిస్ వంటి వ్యాధులలో ఎందరికో ఉపశమనం కలిగించాయి. కనుక అవి చెడ్డ మందులు కావు. అయితే బెటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసోల్ వంటి బలమైన స్టెరాయిడ్లను ముఖంపై నెలల తరబడి రాస్తే కథ మారుతుంది.

మొదట రక్తనాళాలు కుదించుకుంటాయి, ఎరుపు తగ్గుతుంది, రంగు తేలినట్లు కనిపిస్తుంది. చూచినవారు మెచ్చుకుంటారు. క్రమంగా చర్మం పలుచబడుతుంది, నాళాలు వ్యాకోచిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మందు మానగానే మంట, ఎరుపు విజృంభిస్తాయి. బాధితుడు భయపడి మళ్ళీ అదే ట్యూబును ఆశ్రయిస్తాడు. ఈ విధంగా, రోసేసియా లేనివారికి కూడా రోసేసియా వంటి వ్యాధి ఆ మందు వల్లనే సంప్రాప్తిస్తుంది.

ఇది ఊహ కాదు. మన దేశంలోని 12 కేంద్రాలలో ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ వాడుతున్నారు. వారిలో సగానికి పైగా వైద్యుడు చెప్పకుండా వాడినవారే. పదిమందిలో తొమ్మిదిమందికి దుష్ఫలితాలు కలిగాయి. ఈ పరిస్థితిని గమనించి భారత ప్రభుత్వం 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్ లో చేర్చింది. చట్టమున్నా, కొనేవారికి వివేకం లేకపోతే ప్రయోజనం స్వల్పం.

మన కర్తవ్యం

ఈ దురలవాటుకు మూలం వ్యాధి మాత్రమే కాదు, తెలుపుపై మనకున్న వ్యామోహం కూడా. పెళ్ళిచూపులు సమీపిస్తున్నాయనో, చాయ తక్కువని ఎవరో అన్నారనో మన ఆడపిల్లలు ఇటువంటి ట్యూబులను ఆశ్రయిస్తున్నారు. మగపిల్లలు గడ్డం గీసుకున్న తరువాత రాస్తున్నారు. చామనచాయ వ్యాధి కాదు. దానికి మందు అక్కరలేదు.

కనుక ట్యూబు కొనేముందు పెట్టెపై ఉన్న రసాయన నామం చదవండి. ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే వైద్యుని అడగనిదే వాడకండి. స్నేహితుని మందు మీ ముఖానికి పూయకండి. ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవారు తమంతట తామే ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని సంప్రదించండి. క్రమంగా మాన్పించే పద్ధతి వారికి తెలుసు. 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత, పెద్ద వైద్యుని కోసం ప్రతిసారీ హైదరాబాదు పోవలసిన అగత్యం తగ్గింది. ఎండలో వెళ్ళేటప్పుడు గొడుగో, దుపట్టానో, తువ్వాలో అడ్డుపెట్టుకోవడం ఏ ఖర్చూ లేని చికిత్స.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఏటా ఒకసారి చర్మవైద్యుని ఆహ్వానించి, ఈ విషయంపై తెలుగులోను, ఉర్దూలోను ఉపన్యాసం ఏర్పాటు చేయించండి. ఇక్కడ విన్న ఒక విద్యార్థిని ఇంటికి వెళ్ళి తన అక్కచెల్లెళ్ళకు చెబితే, ఆ ఇంట ఒక ముఖమైనా చెడకుండా నిలుస్తుంది.