కారు షెడ్డులోని సభ

1975వ సంవత్సరమునకు పూర్వము కంప్యూటరు సామాన్యుల యిండ్లలో నుండెడి వస్తువు కాదు. ప్రభుత్వ కార్యాలయములు, విశ్వవిద్యాలయములు, పెద్ద వ్యాపారసంస్థలు మాత్రమే దానిని కొనగలిగెడివి. అట్టి దినములలో అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున స్టీవ్ వోజ్నియాక్ అను యువకు డుండెను. అతడు విద్యార్థిగా నున్నప్పుడు, కంప్యూటర్లను వర్ణించు పుస్తకములను తెప్పించుకొని, వాని నిర్మాణమును తన నేర్పుతో కాగితములపై గీయుచుండెను. విడిభాగములు కొనుటకు ధనము లేనందున ఆ పటములు పటములుగనే మిగిలిపోయెను. తరువాత అతడు హ్యూలెట్-పాకార్డ్ సంస్థలో చేరి, కాలిక్యులేటర్లను రూపొందించు పనిలో మునిగి, కంప్యూటర్ల మాట దాదాపు మరచెను.

ఒకనాడు మిత్రు డొకడు అతనికి ఒక సభ సంగతి తెలిపెను. కంప్యూటర్లను, టెలివిజను తెరపై అక్షరములు చూపు యంత్రములను స్వయముగా చేసికొనువారు మెన్లో పార్కు పట్టణమున కలిసికొనబోవుచుండిరి. వోజ్నియాక్ మిక్కిలి సిగ్గరి. క్రొత్తవారి నడుమ నోరు విప్పుట అతనికి కష్టము. అయినను అట్టి తెరయంత్రమును తానును చేసియుండెను గనుక, దానిని గూర్చి మాటాడవచ్చునని తలచి పోవుటకు నిశ్చయించుకొనెను.

మార్చి 5వ తేదీ సాయంకాలమున గోర్డన్ ఫ్రెంచ్ అనువాని కారు షెడ్డులో ఇంచుమించు ముప్పది మంది గుమిగూడిరి. బయట సన్నని వాన పడుచుండెను. లీ ఫెల్సెన్‌స్టీన్ అను ఇంజనీరు అఖాతమున కావలనున్న బర్క్లీ నగరమునుండి వచ్చెను. మరియొకడు ‘ఆల్టెయిర్ 8800’ అను క్రొత్త కంప్యూటరును చేయు సంస్థను చూచుటకు న్యూ మెక్సికో రాష్ట్రమువరకు పోయివచ్చి, ఆ విశేషములు చెప్పెను. విడిభాగములుగా అమ్మబడు ఆ కంప్యూటరు వెల సుమారు 400 డాలర్లు మాత్రమే.

అందరును మైక్రోప్రాసెసరును గూర్చియే ముచ్చటించుచుండిరి. కంప్యూటరు గణనభాగ మంతయు ఇమిడియుండు చిన్న సిలికాన్ బిళ్లయే మైక్రోప్రాసెసరు. వోజ్నియాక్ కది క్రొత్త. తాను వెనుకబడితినని అతడు లోలోపల క్రుంగెను. సభ దేనిని గూర్చియో ముందుగా తెలిసియున్నచో బహుశః రాకయే యుందునని అతడే పిమ్మట ఒప్పుకొనెను. అయినను లేచి పోలేదు. సభలో పంచిన యొక మైక్రోప్రాసెసరు వివరణపత్రమును వెంట తీసికొని యింటికి పోయెను.

ఆ రాత్రి దానిని చదువుచుండగా అతనికి ఆశ్చర్యము కలిగెను. చిన్ననాడు తాను కాగితముపై గీసిన యంత్రములకును, ఈ చిన్న బిళ్లకును పోలిక కన్పట్టెను. తన తెరయంత్రమునకు దీనిని జోడించినచో సంపూర్ణమైన కంప్యూటరగునని అతనికి స్ఫురించెను. ఉద్యోగము ముగిసిన పిమ్మట ప్రతిదినమును శ్రమించి, 1975 జూన్ 29వ తేదీన మీట నొక్కగా, అక్షరము తెరపై కన్పించెను. అతడు ఆ నిర్మాణపటముల ప్రతులను సంఘసభ్యులకు ఉచితముగా పంచిపెట్టెను. ఆ యంత్రమే ‘ఆపిల్-1’. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆపిల్ సంస్థ స్థాపింపబడెను.

‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’ అను పేర ప్రసిద్ధి కెక్కిన ఆ సంఘము 1986లో ముగిసినది. కాని నాటి యువకుని నిర్ణయము నేటికిని తలచుకొనదగినది. తనకు తెలిసిన విషయమును చెప్పుటకు అతడు సభకు పోయెను. తెలియని దానిని నేర్చుకొని వచ్చెను. ఎరిగినవారి నడుమ ఎరుగనివాడై కూర్చుండుటకు సంకోచింపనివానికే విద్య లభించును.

ప్రశ్నలు

1. వోజ్నియాక్ సభకు పోవుటకు ఏల సంకోచించెను? ఏల పోయెను?
2. సభలో అతడు క్రుంగుటకు కారణ మేమి?
3. చిన్ననాటి పటములు అతనికి ఎట్లు ఉపకరించెను?