ఈతకు వెళ్ళే పిల్లలు, కాలువలో బాప్తిస్మాలు: కొన్ని జాగ్రత్తలు



బడులకు సెలవులిచ్చి, విబిఎస్ ముగిసి, యువజనులు విహారయాత్రకు బస్సు మాట్లాడుకునే రోజులలో మన ప్రాంతంలో అందరి కాళ్ళూ నీటి వైపే లాగుతాయి. సూర్యాపేట వారు మూసీ ప్రాజెక్టుకు, కోదాడ వారు మట్టపల్లి దగ్గర కృష్ణకు, మిర్యాలగూడ వారు వాడపల్లికో నాగార్జునసాగరుకో వెళ్తారు. ఎక్కడికీ వెళ్ళలేని పిల్లలకు ఊరి ప్రక్కనే సాగర్ ఎడమ కాలువ ఉంది. వెళ్ళవద్దని చెప్పడానికి ఈ పాఠం వ్రాయడం లేదు. నీళ్ళలో ఆడుకోవడం దేవుడిచ్చిన సంతోషాలలో ఒకటి. అయితే ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లవాణ్ణి ఆటోలో పడుకోబెట్టి మా అత్యవసర విభాగానికి తెచ్చినప్పుడు ఆ తల్లి ముఖం చూడలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట కాలువ సంగతి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. అప్పటి నుండి మన ఆయకట్టుకు అన్నం పెడుతున్నది ఆ నీరే. కాని కాలువ చెరువు కాదు, వాగు కూడా కాదు. చెరువుకు ఒడ్డు మెల్లగా లోతవుతుంది, కాలువకు అలా ఉండదు. సిమెంటు లైనింగు వేసిన చోట గట్టు ఏటవాలుగా, పాచి పట్టి సబ్బులా జారుతుంది. దిగడం తేలికే, ఎక్కడానికి చేతికి ఏమీ దొరకదు. ఈత బాగా వచ్చిన యువకుడు కూడా ఆ గోడను గీరుకుంటూ ప్రవాహంలో కొట్టుకుపోతాడు. తూముల దగ్గర, నీరు పైనుండి క్రిందికి దూకే చోట సుడి ఉంటుంది. అది మనిషిని పైకి రానివ్వదు. పైగా నీటిని వంతుల ప్రకారం వదులుతారు కనుక నిన్న మోకాలి లోతు ఉన్న చోట నేడు నిలువు లోతు ఉండవచ్చు. వంతెన మీద నుండి తలక్రిందులుగా దూకే పిల్లలకు ఇది తెలియదు. తల నేలకు తగిలి మెడ ఎముక విరిగితే కాళ్ళు చేతులు శాశ్వతంగా పడిపోవచ్చు.

నదిలో ప్రమాదం మరొక విధంగా వస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు నుండి వెళ్ళిన 24 మంది ఇంజినీరింగు విద్యార్థులు కొట్టుకుపోయిన సంగతి మనలో చాలామందికి జ్ఞాపకమే. వారు ఈతకు దిగలేదు. నీరు తక్కువగా ఉన్న నదిలో బండల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుండి వదిలిన నీరు క్షణాలలో వారిని చుట్టుముట్టింది. సాగర్ డ్యాముకు 26 గేట్లు ఉన్నాయి. దిగువన కృష్ణ ఒడ్డున బండలు తేలి, నీరు తేటగా కనిపిస్తున్నదంటే గేట్లు మూసి ఉన్నాయనే అర్థం, ఎప్పుడు తీస్తారో బండ మీద కూర్చున్న వారికి తెలియదు. సైరన్ వినిపిస్తే, లేదా నీటి రంగు మారి చెత్త, ఆకులు కొట్టుకువస్తే చెప్పులు సామాను వదిలేసి పైకి రావాలి. ఫోటో సంగతి తరువాత.

జలపాతాలకూ ఇదే వర్తిస్తుంది. సాగరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎత్తిపోతల దాదాపు 70 అడుగుల ఎత్తు నుండి పడుతుంది. అక్కడ మొసళ్ళ పెంపకం కేంద్రం కూడా ఉంది. పైన కట్టిన చోటు నుండి చూసి ఆనందించండి, క్రిందికి దిగవద్దు. మన దగ్గర ఎండ కాస్తున్నా ఎగువ కొండలలో వాన పడితే వాగు పొంగుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా అడవిలో ముత్యంధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది తిరిగి వచ్చే దారిలో వాగు పొంగి చిక్కుకుపోయారు. సహాయక దళాల వారు వెళ్ళి వారిని బయటికి తెచ్చారు. మన తెలుగువారు పంతొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళి స్థిరపడిన మారిషస్ దీవి అగ్నిపర్వతం నుండి పుట్టినది. అక్కడ నల్లరాతి లోయలలో షామరెల్, టామరిన్ వంటి పేరుపొందిన జలపాతాలున్నాయి. అక్కడికి వెళ్ళే వారికైనా మేము చెప్పేది ఒక్కటే: నీరు పడే చోట క్రింద నిలబడవద్దు, వాన మబ్బు కనిపిస్తే లోయలో ఉండవద్దు.

ఇప్పుడు కొంత సున్నితమైన విషయం. మన సంఘాలలో చాలా బాప్తిస్మాలు కాలువలోనో నదిలోనో జరుగుతాయి. పాస్టరు గారు ముందుగానే లోతు చూసి, నీరు నడుము దాటని చోటు ఎంచుకుని, ఒడ్డు నుండి ఒక తాడు కట్టించి, ప్రవాహం వెళ్ళే వైపు ఈత వచ్చిన ఇద్దరిని నిలబెడితే మంచిది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు, నిండు గర్భిణులు ఆ సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. ఫిట్స్ ఉన్నవారు బాప్తిస్మం రోజున ఉపవాసమని మాత్ర మానరాదు. అది మానితే నీళ్ళలోనే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. కాలువ నిండుగా పారుతున్న రోజులలో మందిరంలోని తొట్టిలో బాప్తిస్మం ఇవ్వడమే మేలని మా అభిప్రాయం. యొర్దానులో తీసుకున్నట్టు ఉండదని కొందరు పెద్దలు అంటారు. చెరసాల నాయకుడు ఇంటివారితో సహా అర్ధరాత్రి వేళ ఫిలిప్పీలో బాప్తిస్మం పొందాడు, అతడు ఏ నదికి వెళ్ళాడో వాక్యం చెప్పలేదు. ఇంకొక మాట. ఆరాధన ముగిసి పెద్దలు భోజనాలకు కూర్చున్నాక మగపిల్లలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతారు. అప్పుడు వారిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదన్న మాటే.

మునిగిపోయే పిల్లవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటికి అందుతూ మునుగుతూ ఉంటుంది, ఊపిరికే సమయం చాలదు, ఇక అరవడానికి ఎక్కడిది? ఆడుకుంటున్న పిల్లలలో ఒకడు హఠాత్తుగా నిశ్శబ్దమయ్యాడంటే వెంటనే చూడాలి. అప్పుడు ఈత రానివారు దూకరాదు, ఈత వచ్చినవారు కూడా వట్టి చేతులతో దూకరాదు. మునిగేవాడు ప్రాణభయంతో మెడ పట్టుకుంటాడు. తమ్ముని కోసం అన్న, అన్న కోసం బాబాయి దిగి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. ఒడ్డున బోర్లా పడుకుని వెదురు కర్ర అందించండి. చీరలు, లుంగీలు, చున్నీలు ముడివేసి విసరండి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాను, ట్రాక్టరు ట్యూబు మనిషిని తేలుస్తాయి. యాత్రకు వెళ్ళే బస్సులో వంట సామానుతో పాటు ఒక పొడవాటి తాడు కూడా వేసుకోండి.

బయటికి తీశాక చేయవలసిన దానిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. కాళ్ళు పట్టుకుని గిరగిర త్రిప్పడం, బోర్లా వేసి వీపు తొక్కడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మానాలి. కడుపు నొక్కితే తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతుంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి. ఊపిరి అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ సమయంలో కాలువ గట్టు నుండి ఏ ఆసుపత్రికీ చేరలేము, కనుక వైద్యం గట్టు మీదే మొదలుకావాలి. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనుకకు వంచి గడ్డం పైకెత్తి, ఊపిరి ఉన్నదా అని చూడాలి. లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేలా రెండుసార్లు ఊదాలి. తరువాత రొమ్ము ఎముక మధ్యలో అరచేతి మడమ ఆనించి, రెండవ చేయి దానిపై పెట్టి, పెద్దవారికైతే రెండు అంగుళాల లోతున 30 సార్లు నొక్కాలి. వేగం నిమిషానికి 100 నుండి 120. మళ్ళీ రెండుసార్లు ఊదాలి, మళ్ళీ 30 సార్లు నొక్కాలి. చిన్నపిల్లలకు ఒక చేయి చాలు. అంబులెన్సు వచ్చే వరకు ఆపరాదు, అలసిపోతే మనిషి మారాలి. నోటిలో నోరు పెట్టడమా అని సంకోచించేవారు షూనేమీయురాలి కుమారుని మీద ఎలీషా ఎలా వంగాడో రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో చదవండి.

పిల్లవాడు లేచి కూర్చుని మాట్లాడినా ఇంటికి తీసుకుపోవద్దు. ఊపిరితిత్తులలోకి పోయిన నీటి వల్ల కొన్ని గంటల తరువాత దగ్గు, ఆయాసం పెరగవచ్చు. ఆసుపత్రిలో కనిపెట్టి చూడడం అవసరం.

చివరగా నీటి వల్ల వచ్చే జ్వరం. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలో గాయం ఉన్న కాళ్ళతో దిగితే ఎలుక జ్వరం రావచ్చు. హవాయి వంటి అగ్నిపర్వత దీవులలో జలపాతాల మడుగులలో ఈదిన వారికీ, ఇక్కడ పొలాల్లో నాట్లు వేసేవారికీ వచ్చేది ఈ జబ్బే. నీళ్ళలో దిగిన తరువాత నెల రోజుల లోపల తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం, పచ్చదనం కనిపిస్తే డాక్టరు గారికి నీళ్ళలో దిగిన సంగతి మీరే చెప్పండి. త్వరగా గుర్తిస్తే మామూలు మందులతోనే నయమవుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం చెడిపోతాయి.

గుండె నొక్కే విధానం చదివితే రాదు, చేతులతో చేసి నేర్చుకోవాలి. యువజనుల కూడికలోగాని, స్త్రీల సమాజంలోగాని నేర్పమని సంఘ కాపరులు కోరితే మన నర్సులు బొమ్మతో సహా మీ ఊరికి వస్తారు. రెండు వారాల ముందుగా ఓపీ కౌంటరులో తెలియజేయండి.