క్లాసులు లేని సీ భాషలో శాసనాల వివరాలు

ప్రశ్న: మా ఊరి కూర్మనాథాలయ స్తంభాల మీది శాసనాల వివరాలను సీ భాషలో భద్రపరచాలనుకుంటున్నాను. అందులో క్లాసులు లేవు కదా, ఎలాగండీ?
– ఒక విద్యార్థి, శ్రీకూర్మం

జవాబు: మంచి పని తలపెట్టారు. దీనికి వేర్వేరు రకాల అంశాలను ఒకే కట్టగా ఉంచే స్ట్రక్ట్ చాలు. దాత పేరు, శక సంవత్సరం, దానం, స్తంభం సంఖ్య – నాలుగింటినీ ఒకే స్ట్రక్ట్‌లో పెట్టండి. శాసనాలన్నిటికీ కలిపి ఆ స్ట్రక్ట్‌ల అర్రే తయారుచేయండి. వెతకడానికి, వరుసలో పేర్చడానికి విడిగా ఫంక్షన్లు రాసి, వాటికి ఆ అర్రే పాయింటర్ అందించండి. క్లాసులు లేకపోయినా స్ట్రక్ట్ తక్కువదేమీ కాదు: 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సీలో తిరగరాయగలిగింది స్ట్రక్ట్‌లు వచ్చాకే.

క్రీస్తుశకాన్ని వేరే దాచనక్కర్లేదు. శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా వస్తుంది. అక్షరాలు అరిగిపోయిన చోట మాత్రం ఊహించి అంకె వేయకండి. సంవత్సరం తెలుసా, తెలియదా అని చెప్పే మరో అంశాన్నీ స్ట్రక్ట్‌లో చేర్చండి. రాతిపై లేనిది మన పట్టికలోకి ఎక్కకూడదు.