మన ఊరి ఫోటోలు: చిత్రానికి వివరణ రాయడం

పాఠం 11

11.1 ఉపోద్ఘాతం

పెళ్లి ఫోటో, పిల్లల ఫోటో, గుర్తింపు కార్డు మీద ఫోటో - ఫోటో లేని ఇల్లు ఈనాడు అరుదు. చాలామంది చేతిలో కెమెరా ఉన్న ఫోను కూడా ఉంది. అయితే మనం నివసించే ఊరిని మనలో ఎంతమందిమి ఫోటో తీశాం? వీధి చివర పూసే చెట్టు, కూడలిలోని విగ్రహం, మ్యూజియంలోని పాత డోలు మనకు రోజూ కనిపించేవే. అలవాటైనవి కావడంతో వాటిని ప్రత్యేకంగా గమనించం. అవి మాయమైన తరువాత మాత్రం "ఇక్కడ ఒకటి ఉండేది" అని చెప్పుకుంటాం.

ఈ పాఠంలో మీరు ఊరి గుర్తులను ఫోటో తీయడం, ఆ ఫోటో కింద సరైన వివరణ రాయడం నేర్చుకుంటారు. ఉదాహరణగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తరు ప్రాంతాన్ని, అందులో ముఖ్య పట్టణమైన జగదల్‌పూర్‌ను తీసుకుందాం.

బస్తరు మనకు పరాయి ప్రాంతం కాదు. జగదల్‌పూర్ పక్కగా పారే ఇంద్రావతి నది చివరకు గోదావరిలో కలుస్తుంది. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుంది. బస్తరుకు దక్షిణాన ఉన్న కోంట, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. ఓరుగల్లు 1323లో పతనమైన తరువాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకుంటుంది.

11.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పూలను, విగ్రహాలను, పాత వస్తువులను స్పష్టంగా ఫోటో తీయగలుగుతారు.
• ఎప్పుడు, ఎవరి అనుమతి తీసుకోవాలో చెప్పగలుగుతారు.
• ఫోటోకు ఐదు అంశాలతో వివరణ రాయగలుగుతారు.
• వివరణ లేని ఫోటో వల్ల కలిగే నష్టాన్ని ఉదాహరణతో వివరించగలుగుతారు.

11.3 చిత్రం మిగిలింది, పేరు మిగిలిందా?

బస్తరును ప్రపంచం మొదట బయటివారు తీసిన చిత్రాల్లోనే చూసింది. వెరియర్ ఎల్విన్ ఇక్కడి మురియా ప్రజల మధ్య ఉండి, వారి గురించి రాసిన పెద్ద గ్రంథాన్ని 1947లో ప్రచురించారు. ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ సునీల్ జానా 1940ల నుంచి ఆదివాసీ ప్రాంతాలలో తిరిగి ఎన్నో ఫోటోలు తీశారు. ఇవి ఎంతో విలువైనవి. అవి లేకపోతే ఆనాటి జీవితం ఎలా ఉండేదో మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

మరొక ఉదాహరణ చూడండి. నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రు అనే బాలుడితో స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్ ఒక చిత్రం తీశారు. అది 1957లో విడుదలైంది. పులితో ఆడుకునే ఆ బాలుడి ముఖం ఎన్నో దేశాలకు తెలిసింది. చెంద్రు స్వీడన్ కూడా వెళ్లి వచ్చాడు. ఆ తరువాత తన ఊళ్లోనే సాధారణ గ్రామీణుడిగా జీవించి, 2013లో మరణించాడు. చిత్రానికి వచ్చిన పేరు ఆయన బతుకును పెద్దగా మార్చలేదు.

చెంద్రు పేరైనా మనకు తెలుసు. పాత పుస్తకాలలో, పోస్టుకార్డులలో ఎన్నో ఫోటోల కింద "ఆదివాసీ స్త్రీ", "నాట్యం చేస్తున్న యువకులు" వంటి మాటలే ఉంటాయి. ఆమె ఎవరు? ఏ ఊరు? అది ఏ పండుగ? ఆనాడు ఒక్క వాక్యం రాసి ఉంటే ఈనాడు ఆమె మనవలు ఆ ఫోటోను గుర్తుపట్టగలిగేవారు.

బయటినుంచి వచ్చినవారు కొద్ది రోజులుండి వెళ్లిపోతారు. ఊరివారికి మూడు సౌకర్యాలున్నాయి. వారు ప్రతి రుతువులోనూ అదే చోటికి మళ్లీ వెళ్లగలరు. వస్తువుల అసలు పేర్లు వారికి తెలుసు, తెలియకపోతే పెద్దలను అడగగలరు. అనుమతి అడిగితే ఇచ్చే పరిచయమూ ఉంటుంది. చదవడం, రాయడం నేర్చుకున్న మీరు ఈ పనిని బయటివారికంటే బాగా చేయగలరు.

పాఠంలోని ప్రశ్నలు 11.1
1. చెంద్రు ఏ గ్రామానికి చెందినవాడు?
2. ఫోటో తీయడంలో ఊరివారికి ఉన్న మూడు సౌకర్యాలు ఏవి?

11.4 పూలను ఫోటో తీయడం

పువ్వును తీయాలంటే ముందు దాని కాలం, వేళ తెలియాలి.

మోదుగ: చలికాలం వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో ఆకులు రాలిన కొమ్మల మీద పూస్తుంది. ఎర్రని నారింజ రంగు. మిట్టమధ్యాహ్నం తీస్తే రేకుల గీతలు కనిపించక రంగు ముద్దగా వస్తుంది. ఉదయం తొమ్మిదిలోపు గాని, సాయంత్రం నాలుగు తరువాత గాని తీయండి. ఫోను తెర మీద పువ్వును వేలితో తాకి, వెలుతురును కొంచెం తగ్గించండి. వెనుక నీలాకాశం వచ్చేలా కింద నిలబడి తీస్తే పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది.

విప్ప: మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. లేత పసుపు కలిసిన తెలుపు రంగు. రాత్రి విచ్చుకొని తెల్లవారేసరికి నేల మీద రాలుతుంది. పొద్దున్నే కుటుంబాలు బుట్టలతో వచ్చి ఏరుకుంటాయి. ఎండబెట్టి, తిండికి వాడుకుంటారు, అమ్ముతారు. కాబట్టి విప్ప పువ్వు ఫోటో ఒక కుటుంబం చేసే పని ఫోటో కూడా. ఏరేవారి పనికి అడ్డం రాకుండా పక్కన నిలబడండి. రాలిన పూలను తొక్కకండి. నేల మీద పూలను తీసేటప్పుడు వంగితే చాలదు, కూర్చుని కెమెరాను పువ్వు ఎత్తుకు దించండి.

రేల: ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులుగా వేలాడుతుంది. గాలికి కదులుతుంది కనుక గాలి ఆగే వరకు ఓపిక పట్టాలి.

అన్ని పూలకూ వర్తించే సూత్రం ఒకటి ఉంది. ఒకే చెట్టుకు మూడు ఫోటోలు తీయండి: చెట్టు మొత్తం, ఒక కొమ్మ, ఒక పువ్వు. దూరం నుంచి జూమ్ చేసే బదులు దగ్గరకు నడవండి. జూమ్ చేస్తే ఫోను ఫోటో మసకబారుతుంది. ఫోటో కోసం పువ్వును తెంపకండి.

11.5 బహిరంగ స్థలాల్లోని కళ

అందరూ తిరిగే చోట, అందరికీ కనిపించేలా ఉన్న కళను బహిరంగ కళ అంటాం. విగ్రహాలు, గోడ బొమ్మలు ఇందులోకి వస్తాయి. జగదల్‌పూర్‌లో అన్నిటికంటే పెద్ద బహిరంగ కళాఖండం ఒక చోట స్థిరంగా ఉండదు. అది దసరా రథం.

బస్తరు దసరా 75 రోజుల పండుగ. ఇక్కడి దసరా రావణ వధకు సంబంధించినది కాదు, దంతేశ్వరీ అమ్మవారి పండుగ. మన పంచాంగం ప్రకారం ఆషాఢ అమావాస్య నాడు, రథానికి తెచ్చిన కలపకు పూజ చేసి ప్రారంభిస్తారు. దీనిని పాట్ జాత్రా అంటారు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు రథం తయారు చేస్తారు. పూల రథానికి నాలుగు చక్రాలు, విజయదశమి వేళ లాగే పెద్ద రథానికి ఎనిమిది చక్రాలు ఉంటాయి. లాగే తాళ్లను సియాడీ నారతో పేనుతారు. సియాడీ అంటే మనం విస్తళ్లు కుట్టుకునే అడ్డాకు తీగే.

బయటినుంచి వచ్చే ఫోటోగ్రాఫర్లు ఎక్కువమంది రథం లాగే రోజున వస్తారు. ఊళ్లో ఉన్నవారు కలప దుంగ నుంచి మొదలుపెట్టి వరుస చిత్రాలు తీయగలరు: దుంగ, చెక్కుతున్న చక్రం, పేనుతున్న తాడు, సిద్ధమైన రథం, లాగుతున్న జనం. రథం ఎత్తు తెలియాలంటే పక్కన మనుషులు కూడా ఫోటోలో ఉండాలి. రథం కదిలేటప్పుడు దాని ముందుకు, చక్రాల దగ్గరకు ఎప్పుడూ వెళ్లకండి.

చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపే స్తంభాలు బస్తరులో దారుల పక్కన కనిపిస్తాయి. పూర్వం పెద్ద రాళ్లు, చెక్కిన కలప స్తంభాలు నిలిపేవారు. ఇప్పుడు రంగులు వేసిన రాతి పలకలు, సిమెంటు కట్టడాలు ఎక్కువ. జగదల్‌పూర్ నుంచి గీదం వెళ్లే దారిలో దిల్‌మిలి వద్ద ఉన్న చెక్కిన కలప స్తంభం కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉంది. రక్షణ లేని కలప స్తంభాలు వానకు నాని, చెదపట్టి నేలకూలుతాయి. వాటికి మిగిలే ఆధారం మీరు తీసే ఫోటోయే కావచ్చు. అయితే అవి అలంకారానికి పెట్టినవి కావు, ఒక కుటుంబం దుఃఖానికి గుర్తులు. వాటిని ఆనుకొని గాని, ఎక్కి గాని ఫోటో దిగకూడదు.

మీకు తెలుసా? మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించవచ్చు. ఈ మినహాయింపు చిత్రలేఖనాలకు లేదు. కాబట్టి గోడ మీద వేసిన బొమ్మ ఫోటోను ప్రచురించే ముందు చిత్రకారుని అనుమతి తీసుకోవడం మంచిది.

11.6 పాత వస్తువుల ప్రదర్శన

భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1972లో జగదల్‌పూర్‌లో ఒక మ్యూజియం ప్రారంభించింది. బస్తరు ప్రజలు వాడిన తలపాగాలు, వాద్యాలు, ఆయుధాలు, చెక్కడాలు వంటివి అందులో భద్రపరిచారు. ఇటువంటి చోట ఫోటో తీయవచ్చునో లేదో ముందుగా కార్యాలయంలో అడగండి. ఫ్లాష్ వాడకండి. దాని వెలుతురు అద్దం మీద పడి తెల్లని మచ్చగా వస్తుంది. కెమెరాను అద్దానికి దగ్గరగా పెట్టి, కొద్దిగా పక్కకు వంచితే మీ నీడ ఫోటోలో పడదు. వస్తువును తీసిన వెంటనే దాని పక్కనున్న చీటీని కూడా ఫోటో తీయండి. వివరణ రాసేటప్పుడు అది ఉపయోగపడుతుంది.

మెరిసే ఇత్తడి బొమ్మలకు నేరుగా పడే ఎండ పనికిరాదు. నీడలోనో, మబ్బు పట్టినప్పుడో తీయండి. జగదల్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న కొండగావ్ ఢోక్రా బొమ్మలకు ప్రసిద్ధి. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టి బొమ్మను తీస్తారు. అచ్చు మిగలదు కనుక ఏ రెండు బొమ్మలూ సరిగ్గా ఒకేలా ఉండవు. కొండగావ్ కళాకారుడు జయదేవ్ బఘేల్ (మరణం 2014) ఈ కళలో దేశ విదేశాల్లో పేరు పొందారు. కాని సంతలో అమ్ముడయ్యే బొమ్మల్లో చాలావాటికి చేసినవారి పేరు ఉండదు. బొమ్మను ఫోటో తీసినప్పుడు చేసినవారి పేరు అడిగి, వారు ఒప్పుకుంటే రాయండి.

పాఠంలోని ప్రశ్నలు 11.2
1. విప్ప పువ్వును ఏ వేళలో ఫోటో తీయాలి? ఎందుకు?
2. అద్దం వెనుకనున్న వస్తువును తీసేటప్పుడు ఫ్లాష్ ఎందుకు వాడకూడదు?

11.7 అనుమతి, జాగ్రత్త

• మనుషులను తీసేముందు అడగండి. "అమ్మా, మీరు పూలు ఏరుతుండగా ఒక ఫోటో తీసుకోవచ్చా? ఇది మా చదువు కోసం" అని కారణం చెప్పండి. వద్దంటే కెమెరా దించండి.
• తీసిన ఫోటోను వారికి చూపించండి. వీలైతే ఒక కాపీ ఇవ్వండి.
• పిల్లల ఫోటోకు తల్లిదండ్రుల అనుమతి కావాలి.
• గుడి గర్భాలయంలో, పూజ జరిగేచోట పూజారిని లేదా ఊరి పెద్దను అడగండి.
• పోలీసు, భద్రతా దళాల శిబిరాలను, ఫోటోలు నిషేధించిన చోట్లను తీయకండి. బస్తరు చాలా ఏళ్లు హింసను చూసిన ప్రాంతం. అక్కడ ఒక ఫోటో మీకు గాని, అందులోని మనిషికి గాని ప్రమాదం తేగలదు. అటువంటప్పుడు పేరు రాయకపోవడమే మర్యాద.

11.8 వివరణ రాయడం

మంచి వివరణ ఐదు ప్రశ్నలకు జవాబు చెబుతుంది: ఏమిటి? ఎక్కడ? ఎప్పుడు? ఎవరు చేశారు? ఎవరి అనుమతితో తీశారు?

ఈ రెండు వివరణలను పోల్చండి.

(అ) "బస్తరు ఆదివాసీ కళ. చాలా అందంగా ఉంది."

(ఆ) "దసరా రథానికి చెక్కుతున్న చక్రం. జగదల్‌పూర్, సిరహాసార్ ఎదుట. భాద్రపద మాసం, ఉదయం. పని చేస్తున్నవారు బేడా ఉమర్‌గావ్ వడ్రంగులు. వారి అనుమతితో తీసినది."

మొదటి దానిలో తీసినవారి అభిప్రాయం మాత్రమే ఉంది. రెండవ దానిని యాభై ఏళ్ల తరువాత చదివినా ఉపయోగం ఉంటుంది. తేదీ వేసేటప్పుడు సంవత్సరం తప్పక రాయండి. స్థానిక భాషలో ఉన్న పేరును, అంటే హల్బీ, గోండీ వంటి భాషల్లో వారు పలికినట్టే తెలుగు అక్షరాలతో రాసి, పక్కన తెలుగు పేరు రాయండి. తెలియని విషయాన్ని ఊహించి రాయకండి. ఆ చోటు ఖాళీగా ఉంచితే తెలిసినవారు తరువాత నింపుతారు. ఫోను పోతే ఫోటోలూ పోతాయి కనుక, ముఖ్యమైన వాటిని అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో వివరణ రాసి దాచండి.

11.9 సారాంశం

పూలు కొద్ది రోజులే ఉంటాయి. కలప స్తంభాలు కొన్నేళ్లకు కూలిపోతాయి. దసరా రథానికి ఏటా కొత్త కలప వస్తుంది. వీటిని వరుసగా, ఓపికగా ఫోటో తీయగలిగినవారు ఊరివారే. అనుమతితో తీసి, ఐదు అంశాలతో వివరణ రాస్తే ఫోటో ఊరి చరిత్రకు ఆధారమవుతుంది.

11.10 పాఠాంత ప్రశ్నలు

1. వివరణ లేని ఫోటో వల్ల కలిగే నష్టం ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.
2. జ్ఞాపక స్తంభాలను ఫోటో తీసేటప్పుడు పాటించవలసిన మర్యాదలు ఏవి?
3. చేసి చూడండి: మీ ఊళ్లో పూసే ఒక చెట్టును, ఒక విగ్రహాన్ని, ఇంట్లోని ఒక పాత వస్తువును ఎంచుకోండి. ఒక్కొక్కదానికి ఐదు అంశాలతో వివరణ రాయండి. ఫోను లేనివారు బొమ్మ గీసి దాని కింద రాయవచ్చు. రాసినదాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలు చేర్చండి.

పాఠంలోని ప్రశ్నలకు సమాధానాలు

11.1: 1. గఢ్‌బెంగాల్. 2. ప్రతి రుతువులో మళ్లీ వెళ్లగలగడం, అసలు పేర్లు తెలియడం, అనుమతి పొందే పరిచయం ఉండడం.
11.2: 1. తెల్లవారిన వెంటనే. రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లవారేసరికి రాలుతుంది, పొద్దున్నే ఏరుకుంటారు. 2. ఫ్లాష్ వెలుతురు అద్దం మీద పడి తెల్లని మచ్చ వస్తుంది.