పాఠశాల బస్సులో క్రమశిక్షణ: డ్రైవరు అధికారం ఎంతవరకు?

పాఠశాల బస్సు చెన్నై వీధుల్లో వెళుతున్నది. వెనుక సీట్లలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటున్నారు. మరొక బాలుడు కిటికీలోంచి చేయి బయటికి చాచాడు. డ్రైవరు రెండుసార్లు హెచ్చరించినా వినలేదు. ఇప్పుడు ఆయన ఏమి చేయవచ్చు? ఏమి చేయకూడదు? బిడ్డలను బస్సెక్కించే తల్లిదండ్రులు, బస్సులు నడిపే మన తెలుగువారు ఇరువురూ తెలుసుకోవలసిన విషయమిది.

1. ఉన్న అధికారం

బస్సు నడుస్తున్నంతసేపు పిల్లల భద్రత డ్రైవరు బాధ్యత. కనుక కూర్చోమని గట్టిగా చెప్పవచ్చు, సీటు మార్చవచ్చు, బస్సును రోడ్డు పక్కన ఆపి, గొడవ సద్దుమణిగాకే కదలవచ్చు, జరిగినదాన్ని పాఠశాలకు తెలియజేయవచ్చు. అయితే బస్సు నడుపుతూ పిల్లలను సముదాయించడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అందుకే పాఠశాల బస్సులో పిల్లలను చూసుకొనేందుకు అర్హతగల వ్యక్తి ఉండాలని 1997లో ఢిల్లీ రవాణా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తమిళనాడు ప్రభుత్వం కూడా 2012లో పాఠశాల బస్సులకు ప్రత్యేక నియమావళిని రూపొందించింది.

2. లేని అధికారం

కొట్టడానికి, చెవి మెలిపెట్టడానికి, అవమానించడానికి డ్రైవరుకు అధికారం లేదు. పాఠశాల పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. దారిమధ్యలో దింపివేయడం కొందరికి బుద్ధి చెప్పడంగా తోచవచ్చు. కాని తన సంరక్షణలోని బిడ్డను హింసించినా, బాధకు గురయ్యేలా విడిచిపెట్టినా 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరమవుతుంది; జైలుశిక్ష పడవచ్చు. పిల్లవాడు ఎంత అల్లరి చేసినా ఆ పూట క్షేమంగా చేర్చవలసిందే. తరువాతి చర్యను నిర్ణయించవలసింది పాఠశాల, తల్లిదండ్రులతో మాట్లాడిన పిమ్మట.

3. భాష తెచ్చే చిక్కు

ఊరినుండి కొత్తగా వచ్చిన మన బిడ్డకు డ్రైవరు తమిళంలో చెప్పిన మాట అర్థం కాకపోవచ్చు. అర్థంకాక ఊరకున్నవాణ్ణి పొగరుబోతుగా పొరబడే ప్రమాదమున్నది. ‘ఉక్కారు’ అంటే కూర్చో, ‘కైయై ఉళ్ళే వై’ అంటే చేయి లోపల పెట్టు. ఇటువంటి నాలుగు మాటలు మొదటిరోజే నేర్పండి.

4. తల్లిదండ్రులు చేయవలసినది

డ్రైవరు ఫిర్యాదు చేస్తే ‘మా వాడు అలాంటివాడు కాడు’ అని కొట్టిపారేయక, బిడ్డను విచారించి సరిదిద్దండి. డ్రైవరుపై మీకే ఫిర్యాదు ఉంటే, పిల్లల ఎదుట బస్సెక్కి తగవు పడవద్దు. తేదీ, బస్సు సంఖ్య, జరిగిన సంగతి వ్రాసి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, నకలు మీవద్ద ఉంచుకోండి. బిడ్డకు దెబ్బ తగిలితే వెంటనే వైద్యునికి చూపించి, పోలీసులకు తెలపండి. పిల్లల సహాయవాణి 1098కి ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

ఇంట్లో చర్చించండి

1. బస్సు ఆపడానికి, బిడ్డను దింపివేయడానికి గల భేదమేమి?
2. మీ బిడ్డ వెళ్ళే బస్సులో డ్రైవరుగాక పిల్లలను చూసుకొనేవారు ఎవరు? వారి పేరు మీకు తెలుసా?