మరిగిస్తే చాలా?
(వరద వేళ వైద్య పరికరాల శుద్ధి)

మన గోదావరి జిల్లాల వాళ్లకు వరద కొత్త కాదు. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ లంక గ్రామాలను నీరు చుట్టుముట్టింది. దారులు మునుగుతాయి, కరెంటు పోతుంది. కానీ పురుళ్లు, గాయాలు ఆగవు కదా! అలాంటి చోట కత్తెర, గాజుగుడ్డ వంటివాటిని క్రిమిరహితం చేయడం ఎలా? మైక్రోబయాలజీ చదువుతున్న మేము తెలుసుకున్నది మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెబుతున్నాం.

"నీళ్లలో మరిగిస్తే చాలు" అని మన ఇళ్లలో అంటారు. అది సగం నిజమే. 20 నిమిషాలు మరిగిస్తే చాలా క్రిములు చస్తాయి. అయితే ధనుర్వాతం కలిగించే క్లాస్ట్రిడియం టెటాని మట్టిలో, పేడలో స్పోరుల రూపంలో ఉంటుంది. గట్టి కవచం గల ఈ స్పోరులు మరిగే నీటిని కూడా తట్టుకోగలవు. వీటితో కలుషితమైన బ్లేడుతో బొడ్డు కోస్తే పసిగుడ్డుకు ధనుర్వాతం రావచ్చు.

మరి ఉపాయం ఏమిటి? పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుందని స్కూల్లోనే చదివాం. చదరపు అంగుళానికి 15 పౌన్ల అదనపు పీడనం వద్ద ఆవిరి 121 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. ఆ వేడికి స్పోరులు నిలవలేవు. పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవ్ తయారుచేసింది ఈ సూత్రంతోనే. ప్రెషర్ కుక్కర్ లాంటి చిన్న స్టెరిలైజర్ ఉంటే స్టవ్ మీదే ఈ పని అవుతుంది, కరెంటు అక్కరలేదు.

చేసే క్రమం:

1. మందపాటి గ్లౌజులు తొడుక్కుని పరికరాలను సబ్బునీటితో, బ్రష్షుతో కడగాలి. రక్తం అంటుకుని ఉంటే దాని అడుగుకు ఆవిరి చేరదు.

2. కత్తెరలు తెరిచి, నీరు తగలకుండా స్టాండు మీద పెట్టాలి.

3. ముందుగా ఆవిరిని ధారగా బయటకు రానివ్వాలి. లోపల గాలి మిగిలితే వేడి అన్నిచోట్లకూ అందదు.

4. పూర్తి ప్రెషర్ వచ్చాకే టైము లెక్కపెట్టాలి. విడి పరికరాలకు 20 నిమిషాలు, గుడ్డలో చుట్టినవాటికి 30 నిమిషాలు.

5. ప్రెషర్ పూర్తిగా దిగాకే మూత తీయాలి. మూట తడిగా ఉంటే మళ్లీ చేయాల్సిందే. తడిగుడ్డ గుండా క్రిములు లోపలికి పోతాయి.

ఒక హెచ్చరిక! ఇది శిక్షణ పొందిన ఏఎన్ఎం, నర్సులు చేయాల్సిన పని. ఒకసారి వాడి పారేసే సిరంజిని ఎంత ఉడికించినా మళ్లీ వాడరాదు.

శుభ్రమైన కాన్పులు, ధనుర్వాతం టీకాలు కలిసి మంచి ఫలితమిచ్చాయి. బాలింతలకు, పసిపిల్లలకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపు చేసినట్లు 2003లో దేశంలో మొదట ఆంధ్రప్రదేశ్‌కు, 2015లో దేశమంతటికీ గుర్తింపు వచ్చింది. అయినా మట్టిలో స్పోరులు అలాగే ఉన్నాయి.

మనలో చాలామందిమి మన ఇళ్లలో మొదట చదువుకున్నవాళ్లం. మనం నేర్చిన పాఠాన్ని మన ఊరికి చేర్చాల్సింది కూడా మనమే!